వారసత్వపు హక్కు చేజారే దారులు

ఒక మనిషి కన్నుమూసిన క్షణం నుండి అతని ఆస్తి అతనిది కాదు. అంత్యక్రియల ఖర్చు, అప్పులు, చెల్లని మహర్ ఉంటే ఆ మహర్, ఆ తరువాత మూడో వంతుకు మించని వసీయ్యతు, ఇవి పోగా మిగిలిన తర్కా వారసులదవుతుంది. ఇది షరీఅత్ నిర్ణయించిన వరుస. ఈ హక్కు ఏర్పడడానికి తహశీల్దారు సంతకం గాని, పెద్దల పంచాయితీ గాని, అన్నదమ్ముల దయ గాని అవసరం లేదు. మరణంతోనే అది ఏర్పడుతుంది.

అయినప్పటికీ కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాలలో వారసత్వపు హక్కు ఉండీ అనుభవం లేనివారు, ముఖ్యంగా స్త్రీలు, తక్కువేమీ కాదు. కోరుట్లలోనైనా, భైంసాలోనైనా, గోదావరిఖనిలోనైనా ఈ సంగతి ఎవరికీ కొత్త కాదు. హక్కు ఉండడం ఒకటి, భూమి చేతిలో ఉండడం ఒకటి, పహాణిలో పేరు ఉండడం మరొకటి. ఈ మూడూ ఒకచోట కలవని కారణంగానే వాటాలు చేజారుతున్నాయి. ఏ సందర్భంలో ధర్మశాస్త్రమే హక్కు లేదంటుంది, ఏ సందర్భంలో ధర్మశాస్త్రం ఇచ్చిన హక్కును మనుషులు పోగొడుతున్నారు అనే విచక్షణ ఈ విషయంలో మొదటి అవసరం.

హక్కుకు పునాది

దివ్య ఖుర్ఆన్‌లోని అన్నిసా సూరాలో 7వ వాక్యం తల్లిదండ్రులు, దగ్గరి బంధువులు వదిలిన దానిలో పురుషులతో పాటు స్త్రీలకూ వాటా ఉందని ప్రకటించింది. ఆస్తి కొంచెమైనా ఎక్కువైనా ఆ వాటా నిర్ణీతమైనదే. 11, 12, 176 వాక్యాలు ఆ వాటాలను లెక్కలతో సహా వివరించాయి. పంటపొలం చిన్నదనో, ఇల్లు ఒక్కటే ఉందనో సాకు చెప్పి ఆడబిడ్డ భాగాన్ని ఆపివేయడానికి 7వ వాక్యమే తావులేకుండా చేసింది.

ఈ ఆదేశాల నేపథ్యం హదీసు గ్రంథాలలో ఉంది. ఉహుద్ యుద్ధంలో (క్రీ.శ. 625) సఅద్ బిన్ రబీ (రజి) వీరమరణం పొందారు. ఆయనకు భార్య, ఇద్దరు కుమార్తెలు. నాటి అరబ్బు ఆచారం ప్రకారం ఆయన సోదరుడు ఆస్తినంతా స్వాధీనం చేసుకున్నాడు. ఆ వితంతువు తన కూతుళ్లను వెంటబెట్టుకొని దైవప్రవక్త ముహమ్మద్ (స) వద్ద మొరపెట్టుకున్నారు. వారసత్వపు ఆదేశాలు అవతరించిన తరువాత ప్రవక్త (స) ఆ సోదరుని పిలిపించి, కుమార్తెలకు మూడింట రెండు వంతులు, భార్యకు ఎనిమిదో వంతు ఇచ్చి, మిగిలినది తీసుకొమ్మని ఆజ్ఞాపించారు. ఆస్తిని 24 భాగాలు చేస్తే కూతుళ్లకు 16, భార్యకు 3, సోదరునికి 5 భాగాలు వస్తాయి. అంతకు ముందు మొత్తం 24 భాగాలూ తనవే అనుకున్న మనిషికి చివరకు మిగిలినవి 5. ఇస్లామీయ వారసత్వ చట్టం ఒక స్త్రీ ఫిర్యాదు మీద అమలైందన్న సంగతి, ఆడబిడ్డ వాటా అడగడం సిగ్గుమాలిన పని అనుకునేవారు గుర్తుంచుకోదగినది.

ఐదెకరాల లెక్క

ఒక రైతు భార్యను, ఇద్దరు కొడుకులను, ఒక కూతురిని విడిచి మరణించాడనుకుందాం. అప్పులు, వసీయ్యతు లేవు. భూమి 5 ఎకరాలు, అంటే 200 గుంటలు. సంతానం ఉన్నందున భార్యకు ఎనిమిదో వంతు, 25 గుంటలు. మిగిలిన 175 గుంటలను కొడుకుకు రెండు పాళ్లు, కూతురికి ఒక పాలు చొప్పున ఐదు పాళ్లు చేయాలి. ఒక్కొక్క కొడుకుకు 70 గుంటలు, కూతురికి 35 గుంటలు వస్తాయి. కొంతకాలానికి తల్లి కూడా మరణిస్తే ఆమె 25 గుంటలు అదే పద్ధతిలో పంచబడతాయి. కొడుకులకు పదేసి, కూతురికి ఐదు. వెరసి ఇద్దరు కొడుకులకు రెండేసి ఎకరాలు, కూతురికి సరిగ్గా ఒక ఎకరం.

ఊళ్లో సాధారణంగా జరిగేది ఇది కాదు. కొడుకులిద్దరూ చెరి రెండున్నర ఎకరాలు రాయించుకుంటారు. తల్లి వాటా సంగతి ఎవరూ ఎత్తరు. ఆమె కొడుకుల ఇంట్లోనే తింటున్నది గనుక ఆమెకు వేరే భూమి ఎందుకని అడుగుతారు. ఒక్కొక్క కొడుకు అదనంగా పొందినది అర ఎకరమే. కాని కూతురి వైపు నుండి చూస్తే ఆమెది మొత్తం పోయింది. అన్న నాలుగో వంతు ఎక్కువ అనుభవించడానికి చెల్లె సర్వస్వం వదులుకోవలసి వచ్చింది.

ధర్మశాస్త్రమే హక్కు లేదన్న సందర్భాలు

ఫిఖ్హ్ గ్రంథాలలో వారసత్వానికి అడ్డంకులు స్పష్టంగా చెప్పబడ్డాయి. ఎవరి ఆస్తి రావలసి ఉందో ఆ మనిషిని చంపినవాడు వారసుడు కాలేడు. మతభేదం మరొక అడ్డంకి. ముస్లిమేతర బంధువుకు వారసత్వం లేదు గాని, మూడో వంతు లోపల వసీయ్యతు చేయవచ్చు. పూర్వగ్రంథాలలో కనిపించే బానిసత్వమనే అడ్డంకికి నేడు సందర్భమే లేదు.

దత్తత వలన వారసత్వం రాదు. పెంచుకున్న బిడ్డను ఎంత ప్రేమగా చూసినా షరీఅత్ దృష్టిలో అతడు కన్నవారి బిడ్డే. అలాంటి బిడ్డకు ఏదైనా ఇవ్వదలచినవారు జీవించి ఉండగానే హిబా చేయాలి, లేదా వసీయ్యతు రాయాలి. తలాఖు పొందిన భార్యకు ఇద్దత్ గడిచిన తరువాత మాజీ భర్త ఆస్తిలో వాటా లేదు. అయితే మరణవ్యాధిలో ఉన్న భర్త ఆమెకు వాటా దక్కకూడదని తలాఖు ఇచ్చి, ఇద్దత్ ముగియకముందే మరణిస్తే హనఫీ పండితులు ఆమెను వారసురాలిగానే పరిగణించారు. దురుద్దేశంతో చేసిన పని ఫలితం ఇవ్వరాదన్నది వారి తర్కం.

అన్నింటికంటె ఎక్కువగా చర్చకు వచ్చే సమస్య అనాథ మనుమలది. తండ్రి కన్నా ముందు ఒక కొడుకు మరణించి, మరొక కొడుకు బతికి ఉంటే, మరణించిన కొడుకు పిల్లలకు తాత ఆస్తిలో వాటా రాదు. దగ్గరివాడు దూరపువానిని అడ్డుకుంటాడనే ‘హజ్బ్’ సూత్రం ఇందుకు ఆధారం. తాతకు బతికిన కొడుకు లేనప్పుడు ఈ అడ్డంకి తొలగి, కొడుకు కొడుకు వారసుడవుతాడు.

ఈ నియమాన్ని మాత్రమే చెప్పి ఊరుకోవడం సగం చెప్పడమే అవుతుంది. ఆ మనుమలు వారసులు కారు గనుకనే వారికి తాత మూడో వంతు వరకు వసీయ్యతు చేయవచ్చు. ఆరెకరాల ఆసామి రెండెకరాలు వారి పేర రాయవచ్చు. బతికిన కొడుకు కాదనలేడు. పంపకం వేళ హాజరైన వారసులు కాని బంధువులకు, అనాథలకు, పేదలకు అందులో కొంత ఇవ్వమని అన్నిసా సూరా 8వ వాక్యం బోధించింది. 1946లో ఈజిప్టు ప్రభుత్వం ఇబ్నె హజ్మ్ వంటి పూర్వ పండితుని అభిప్రాయాన్ని ఆధారం చేసుకొని, తాత వసీయ్యతు రాయకపోయినా అనాథ మనుమలకు మూడో వంతు లోపల వాటా దక్కేలా చట్టం చేసింది. 1961లో పాకిస్తాన్ కుటుంబ చట్టాల ఆర్డినెన్సు నేరుగా వారిని తండ్రి స్థానంలో నిలబెట్టింది. ఆ పద్ధతి మీద ఉలమాలలో తీవ్రమైన విభేదం ఉంది. భారతదేశంలో ఇలాంటి చట్టం లేదు. కాబట్టి ఇక్కడ బాధ్యత పూర్తిగా తాతది. వసీయ్యతు రాయడానికి ఒక్క పూట చాలు. రాయకుండా పోతే ఆ పిల్లల బతుకంతా దాని ఫలితం ఉంటుంది.

మనుషులు పోగొట్టే హక్కు

పై సందర్భాలకు వెలుపల జరిగే నష్టానికి షరీఅత్ బాధ్యత వహించదు. అందులో మొదటిది కట్నం సాకు. ‘పెళ్లికి ఇంత పెట్టాం, జహేజ్ ఇచ్చాం, ఇంకేం వాటా?’ అన్న మాట ఉత్తర తెలంగాణలో ప్రతి పంచాయితీలో వినబడుతుంది. పెళ్లినాడు తండ్రి ఇచ్చింది, ఇచ్చిన రోజునే ముగిసిపోయిన వ్యవహారం. వారసత్వం తండ్రి మరణంతో మొదలయ్యే హక్కు. మొదటిది రెండోదానికి జమ కాదు. పైగా కట్నం 1961 చట్టం ప్రకారం నేరం. ఒక తప్పును చూపించి ఒక హక్కును కొట్టివేయడం ఏ న్యాయానికీ నిలవదు. మరి కొడుకు చదువుకు, దుబాయి వీసాకు, దుకాణానికి తండ్రి పెట్టిన ఖర్చును అతని వాటాలో ఎవరూ తగ్గించడం లేదు కదా!

రెండోది ముందస్తు విడుదల. తండ్రి బతికి ఉండగానే కూతురి చేత ‘నాకేమీ వద్దు’ అని తెల్లకాగితం మీద వేలిముద్ర వేయించడం అలవాటు. తండ్రి బతికి ఉన్నంతకాలం కూతురికి గాని, కొడుకుకు గాని ఆ ఆస్తిలో పుట్టుకతో వచ్చిన హక్కు లేదు. లేని హక్కును వదులుకోవడం ఎలా సాధ్యం? 1882 ఆస్తి బదిలీ చట్టం 6వ సెక్షను కూడా వారసత్వం వస్తుందన్న ఆశను బదిలీ చేయరాదని చెబుతుంది. అయితే ఇందులో ఒక జాగ్రత్త ఉంది. వాటాకు బదులుగా ప్రతిఫలం పుచ్చుకొని, తన మాటను నమ్మి ఆస్తిదారు ఇతర ఏర్పాట్లు చేయకుండా ఉండేలా ప్రవర్తించినవారు తరువాత వాటా అడగకుండా అడ్డుకోవచ్చునని సుప్రీంకోర్టు 1973లో తీర్పు ఇచ్చింది. 2011లో ఇదే సూత్రాన్ని మళ్లీ చెప్పింది. అందువల్ల తండ్రి బతికి ఉండగా డబ్బు తీసుకొని సంతకం చేయడం ప్రమాదం లేని పని కాదు.

మరణం తరువాత వారసుడు తన వాటాకు బదులుగా కొంత తీసుకొని తప్పుకోవడాన్ని ‘తఖారుజ్’ అంటారు. అది చెల్లుతుంది. కాని అందుకు వాటా ఎంతో తెలిసి ఉండాలి, సమ్మతి మనస్ఫూర్తిగా ఉండాలి. తన వాటా 35 గుంటలని తెలియని చెల్లె, ఒక చీరకు, పండుగ పిలుపుకు మురిసి చేసిన సంతకాన్ని సమ్మతి అనలేం. స్థిరాస్తిలో హక్కు విడుదల దస్తావేజుకు రిజిస్ట్రేషను కూడా తప్పనిసరి.

మూడోది హిబా పేరు. ముస్లిం తన జీవితకాలంలో ఆస్తిని దానం చేయవచ్చు. ప్రతిపాదన, అంగీకారం, ఆధీనం అప్పగింత అనే మూడు షరతులు నెరవేరితే నోటిమాటతోనే హిబా పూర్తవుతుంది. ఆంధ్రప్రదేశ్ నుండి వెళ్లిన ఒక కేసులో 2011లో సుప్రీంకోర్టు, ఇలాంటి హిబాను కాగితం మీద పెట్టినంత మాత్రాన రిజిస్ట్రేషను తప్పనిసరి కాదని చెప్పింది. ఈ సౌలభ్యమే కొన్నిచోట్ల దుర్వినియోగమవుతున్నది. తండ్రి పోయాక ‘అబ్బా నాకు హిబా చేసి వెళ్లారు’ అనే కొడుకు బయలుదేరుతాడు. అలా అన్నవాడే మూడు షరతులనూ రుజువు చేయాలి. తండ్రి చివరివరకు తానే శిస్తు కట్టి, తానే దున్నించి, తానే కౌలు పుచ్చుకొని ఉంటే ఆధీనం అప్పగించబడిందన్న వాదన నిలవడం కష్టం. మరణవ్యాధిలో చేసిన హిబాకు వసీయ్యతు నియమాలే వర్తిస్తాయి. ఇక ధర్మం విషయానికి వస్తే, నూమాన్ బిన్ బషీర్ (రజి) తండ్రి ఒక్క కొడుకుకే ప్రత్యేకంగా దానమిచ్చి సాక్ష్యం కోరినప్పుడు, మిగిలిన పిల్లలకూ అలాగే ఇచ్చావా అని ప్రవక్త (స) ప్రశ్నించి, సాక్షిగా ఉండడానికి నిరాకరించారు.

పహాణి నుండి పాస్ పుస్తకం వరకు

తెలంగాణలో 1954–55 నాటి ఖాస్రా పహాణి భూమి హక్కులకు ఒక ముఖ్యమైన ఆధారం. ఆ తరువాత ఏటేటా పహాణి రాసే పని పట్వారి చేతిలో ఉండేది. యజమాని మరణిస్తే ‘విరాసత్’ చేయించాలి. పట్వారి అడిగింది ఎవరిని? ఇంటి పెద్దకొడుకును. కూతురు అప్పటికే మరో ఊళ్లో కోడలు. అలా మొదటి తరంలోనే ఆమె పేరు రికార్డులోకి ఎక్కలేదు. 1984లో పట్వారీ వ్యవస్థ రద్దయింది గాని, అప్పటికి పడిన రాతలు అలాగే మిగిలాయి.

2020లో కొత్త పాస్ పుస్తకాల చట్టంతో పాటు ధరణి పోర్టల్ వచ్చింది. విరాసత్ కొరకు వారసులందరి ఉమ్మడి అంగీకార పత్రం అవసరమైంది. కాగితం మీద ఇది కూతురికి రక్షణే. కాని ఆచరణలో ఆమె సంతకం కోసం వచ్చినవారు ఆమె వాటా ఎంతో చెప్పి రాలేదు. అన్నదమ్ముల పేర పట్టా చేయడానికి అంగీకారమన్న ఒక్క వాక్యం దగ్గర సంతకం చేయించుకున్నారు. మరికొన్ని చోట్ల కుటుంబ సభ్యుల జాబితాలోనే ఆమె పేరు లేదు. 2025లో ధరణి స్థానంలో భూభారతి చట్టం వచ్చింది. ఇందులో విరాసత్‌కు ముందు నోటీసు, విచారణ, తరువాత అప్పీలు చేసుకునే వీలు ఉన్నాయి. నోటీసు అందినప్పుడు ఊరుకున్నవారికి ఈ సదుపాయం ఉపయోగపడదు.

పాస్ పుస్తకంలో పేరు లేకపోవడం ఇప్పుడు వెనుకటికంటె పెద్ద నష్టం. 2018 మే 10న కరీంనగర్ జిల్లా హుజూరాబాద్‌లో ప్రారంభమైన రైతుబంధు పథకం ఎకరానికి పంటకు 4,000 రూపాయల చొప్పున పట్టాదారుకే చెల్లించింది. ఆ ఏడాది ఆగస్టు 15న మొదలైన రైతు బీమా కూడా పట్టాదారు పేరు మీదనే నడిచింది. భూమిలో వాటా ఉన్న చెల్లె పేరు పుస్తకంలో లేకపోతే, ఆమె వాటా మీది సహాయం కూడా అన్న ఖాతాలోనే పడింది.

ఒక ఊరట కలిగించే సంగతి ఉంది. రెవెన్యూ రికార్డు హక్కును పుట్టించదు, చంపదు. అది శిస్తు వ్యవహారం కొరకు ఏర్పడిన రాత. యాజమాన్యాన్ని తేల్చేది సివిల్ కోర్టు. ఉమ్మడి వారసులలో ఒకరి ఆధీనం అందరి ఆధీనంగానే భావించబడుతుంది. చెల్లె ఇరవై ఏళ్లు పొలం గట్టు తొక్కలేదన్నంత మాత్రాన ఆమె హక్కు పోదు. కాని ‘నీకిందులో ఏమీ లేదు’ అని అన్న బహిరంగంగా ఆమెను కాదని, ఆ సంగతి ఆమెకు తెలిసిన తరువాత 12 సంవత్సరాలు గడిస్తే, 1963 కాలపరిమితి చట్టం ఆమెకు అడ్డం వస్తుంది. కాబట్టి కాదన్న మాట చెవిన పడిన నాటి నుండి కాలం లెక్కించుకోవాలి.

నీట మునిగిన భూములు, గల్ఫ్ మరణాలు

గోదావరి, మానేరు నదుల మీద కట్టిన ప్రాజెక్టులు ఈ ప్రాంతపు భూమి చరిత్రను మార్చాయి. 1963 జులై 26న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన పోచంపాడు, అనగా నేటి శ్రీరాంసాగర్, తరువాత లోయర్ మానేరు, ఎల్లంపల్లి, మిడ్‌మానేరు రిజర్వాయర్ల కింద ఎన్నో గ్రామాలు మునిగాయి. పొలం ఉన్నంతకాలం ‘ఎప్పుడైనా అడగవచ్చు’ అనుకున్న ఆడబిడ్డకు, పొలం నీళ్ల కిందికి పోయి డబ్బుగా మారిన రోజు ఆఖరి అవకాశం. పరిహారం రికార్డులో పేరున్నవారికి చేరుతుంది. భూసేకరణలో ప్రయోజనం ఉన్న ప్రతి వ్యక్తీ తన వాటా గురించి దరఖాస్తు చేసుకోవచ్చు. పంపకం మీద తగాదా ఉంటే దాని తీర్పు కొరకు పంపమని కోరవచ్చు. ఇతరుల వాటా పుచ్చుకున్నవాడు అసలు హక్కుదారుకు చెల్లించవలసిన బాధ్యత నుండి తప్పించుకోలేడు. అయితే ఖర్చయిపోయిన డబ్బును రాబట్టడం, గట్టున ఉన్న భూమిని పంచుకోవడం కన్నా చాలా కష్టం.

జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ ప్రాంతాల నుండి గల్ఫ్ దేశాలకు వలస వెళ్లినవారు అధికం. వెళ్లినవాని జాడ తెలియకపోతే హనఫీ ధర్మశాస్త్రంలో అతడు ‘మఫ్ఖూద్’. అతని సొంత ఆస్తి పంచరాదు. అతనికి ఇతరుల నుండి రావలసిన వాటాను వేరుగా నిలిపి ఉంచాలి. న్యాయస్థానాలు మాత్రం ఏడేళ్లపాటు సమాచారం తెలియవలసినవారికి తెలియకపోతే మరణించినట్లుగా భావించవచ్చన్న సాక్ష్య చట్టపు సూత్రాన్ని అనుసరిస్తున్నాయి. 1872 నాటి ఆ సూత్రం 2024 జులై 1న అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లోనూ కొనసాగింది. తండ్రి మరణించిన వేళ ఒక కొడుకు జాడ లేకపోతే అతని వాటాను తక్కిన అన్నదమ్ములు పంచుకోవడం ఏ విధంగానూ ధర్మం కాదు. అతని భార్యాబిడ్డల జీవనాధారం ఆ వాటాలోనే ఉంటుంది.

బ్యాంకు డిపాజిట్టులో నామినీ పేరు మరొక అపోహకు కారణం. నామినీ డబ్బు అందుకునేవాడు మాత్రమే, సొంతదారులు వారసులందరూ. సింగరేణి గనులలో పనిచేసి దాచుకున్న సొమ్ము ఒక్కరి పేరున నామినేషను ఉన్నంత మాత్రాన ఆ ఒక్కరిదైపోదు.

వ్యవసాయ భూమి, ఏజెన్సీ భూమి

ముస్లిం పర్సనల్ లా (షరీఅత్) వర్తింపు చట్టం 1937లో వచ్చింది. పంజాబు మొదలైన ప్రాంతాలలో ఆచారం పేరిట ముస్లిం స్త్రీలకు వారసత్వం లేకుండా పోవడమే దానికి ముఖ్య కారణం. నాటి హైదరాబాదు సంస్థానం దాని పరిధిలో లేదు. 1959లో పార్లమెంటు చేసిన విస్తరణ చట్టం ద్వారా 1960 ఫిబ్రవరి 1 నుండి అది ఈ ప్రాంతానికీ వర్తించింది. ఆ చట్టం 2వ సెక్షను వ్యవసాయ భూమిని మినహాయించింది. దీనిని పట్టుకొని పొలంలో ఆడవారికి వాటా లేదని వాదించేవారున్నారు. ఇది పొరపాటు. 1935 నాటి రాజ్యాంగ ఏర్పాటులో వ్యవసాయ భూమి రాష్ట్రాల అంశం గనుక కేంద్ర శాసనసభ దానిని తాకలేదు. ఆ మినహాయింపు షరీఅత్‌ను రద్దు చేయలేదు. విరుద్ధమైన ఆచారం ఉందని చెప్పేవారే దానిని రుజువు చేయాలి. ఉత్తరప్రదేశ్‌లో 1950 నాటి జమీందారీ రద్దు చట్టం వారసత్వ క్రమంలో కొడుకులను ముందు నిలిపి కూతురిని వెనుకకు నెట్టింది. తెలంగాణలో అలాంటి క్రమం విధించబడలేదు.

ఆదిలాబాద్ ఏజెన్సీలో పరిస్థితి కొంత వేరు. ఉట్నూరు వంటి షెడ్యూల్డు ప్రాంతాలలో 1959 భూబదిలీ నిబంధన 1963లో తెలంగాణకు విస్తరించి, 1970లో మరింత బిగిసింది. గిరిజనుల భూమి అన్యాక్రాంతం కాకుండా కాపాడడం దాని ధ్యేయం. ఆ ప్రాంతంలో గిరిజనేతరునికి చేసే అమ్మకమే గాక దానం కూడా చెల్లదు, ఇచ్చేవాడు గిరిజనేతరుడైనా సరే. అందువల్ల అక్కడ చట్టబద్ధమైన భూమి ఉన్న ముస్లిం తండ్రి కూతురికి హిబా చేసి ధీమాగా ఉండడానికి వీలులేదు. వారసత్వం బదిలీ కాదు గనుక ఆమెకు మిగిలిన ప్రధాన మార్గం అదే. విరాసత్‌లో పేరు తప్పిపోతే అక్కడి ఆడబిడ్డ నష్టం రెట్టింపు.

పొరుగువారి అనుభవం కూడా పాఠం చెబుతుంది. హిందూ కుమార్తెలకు ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కును ఆంధ్రప్రదేశ్ 1985 సెప్టెంబరు 5 నుండి, నాటికి పెళ్లికాని వారికి ఇచ్చింది; 2005లో కేంద్రం దేశమంతటా కల్పించింది. 1956 హిందూ వారసత్వ చట్టం షెడ్యూల్డు తెగలకు వర్తించదు. 2025 జులై 17న సుప్రీంకోర్టు ఒక గోండు కుటుంబపు కేసులో, ఆచారం రుజువు కానప్పుడు స్త్రీ వారసులను కాదనడం సమానత్వానికి విరుద్ధమని తీర్పు చెప్పింది. ఇతరులకు ఇరవయ్యో శతాబ్దం చివరన, ఇరవై ఒకటో శతాబ్దంలో చట్టం ద్వారా వస్తున్న హక్కు ముస్లిం స్త్రీకి పదునాలుగు వందల ఏళ్ల క్రితమే ఇవ్వబడింది. కాని ఈ గొప్పను వేదికల మీద చెప్పుకొని, ఇంట్లో విరాసత్ కాగితం దగ్గర మరచిపోతే ఆ గొప్ప ఎవరిని నమ్మిస్తుంది?

హక్కు నిలుపుకొనే మార్గాలు

మరణం జరిగిన కొద్ది నెలలలోనే వారసుల జాబితా, ఆస్తుల జాబితా, అప్పుల జాబితా రాసుకోవడం మొదటి పని. వాటాల లెక్కను ఒక ఆలిం చేత వేయించి, ఆ కాగితం ప్రతిని ప్రతి వారసునికీ, ముఖ్యంగా ఆడవారికి ఇవ్వాలి. వాటా ఎంతో తెలిసిన తరువాత ఇచ్చివేయడమైనా, ఉంచుకోవడమైనా వారి ఇష్టం. తెలియక పోగొట్టుకోవడం, తెలిసి ఇవ్వడం ఒకటి కావు. భూమిని ముక్కలు చేయడం నష్టమనుకుంటే అన్నదమ్ములు మార్కెట్టు ధర కట్టి రిజిస్టరు దస్తావేజు ద్వారా కొనుక్కోవచ్చు, లేదా ఏటేటా ఆమె వాటా కౌలు ఆమెకు చెల్లించవచ్చు.

తగాదా వస్తే భాగపంపిణీ దావా సివిల్ కోర్టులో వేయవచ్చు. 1987 న్యాయసేవల చట్టం ప్రకారం స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం లభిస్తుంది. 2016 అక్టోబరు 11న పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు విడిపోయిన తరువాత, వాటి నుండి ఏర్పడిన కొత్త జిల్లాలవారు ఇందుకోసం తమ కోర్టు ప్రాంగణంలోని న్యాయసేవల సంస్థను అడగవచ్చు. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే దానికి డిక్రీ విలువ ఉంటుంది. ఊరి పెద్దల పంచాయితీలో రాసిన కాగితానికి ఆ విలువ లేదు.

ఇవన్నీ ఉన్నా చాలామంది స్త్రీలు ముందుకు రారు. వారికి చట్టం తెలియక కాదు. వాటా అడిగితే పుట్టిల్లు మూసుకుంటుందని భయం. భర్త చేయి చేసుకున్ననాడు, వితంతువై తిరిగి వచ్చిననాడు తలుపు తీసేది అన్నయే. ఎకరం భూమికి ఆశపడి ఆ తలుపును ఎవరు పోగొట్టుకుంటారు? అన్నలు దీనిని చెల్లె మంచితనంగా చెప్పుకుంటారు. నిజానికి ఆమె తన వాటాను ఆ తలుపుకు మూల్యంగా చెల్లిస్తున్నది. బంధుత్వాన్ని నిలబెట్టడం ఖుర్ఆన్ అన్నమీద విధించిన బాధ్యత. దానిని చెల్లెకు అమ్మే అధికారం అతనికి లేదు. అన్నిసా సూరా వాటాలు వివరించిన వెంటనే, 13, 14 వాక్యాలలో వాటిని దైవం నిర్ణయించిన హద్దులుగా పేర్కొని, దాటినవారిని హెచ్చరించింది.

అందువల్ల ఈ విషయంలో మొదటి అడుగు చెల్లె వేయవలసినది కాదు. ఆమె అడగకముందే లెక్క చెప్పి, పేరు రాయించి, పాస్ పుస్తకం చేతిలో పెట్టే అన్న ఉన్న ఇంట కోర్టు ప్రసక్తే రాదు. ఆ ఇంటి తలుపు కూడా ఆమెకు ఎప్పటిలాగే తెరిచి ఉంటుంది.